మస్తాన్ బాబాయ్ ఎడమ బొటనవేలు

పోయిన నెల మా అమ్మాయికి కొత్త లాప్‌టాప్ కొన్నాను. పాత అలవాటు కొద్దీ దాంట్లోనూ ఉచితంగా దొరికే లినక్సు సాఫ్టువేరే వేశాను. ఇప్పుడు వేయడానికి ఏముంది, పెన్‌డ్రైవ్ పెట్టి టీ తాగి వచ్చేలోగా అయిపోతుంది. తెర దానంతటదే వెలుగుతుంది, మౌసు దానంతటదే కదులుతుంది. అమ్మాయి సెట్టింగులన్నీ ఒక్కొక్కటే తెరిచి చూస్తూ ఒకచోట ఆగింది. "నాన్నా, టైపు చేస్తున్నప్పుడు టచ్‌ప్యాడ్ పనిచేయకుండా ఆపాలా అని ఉంది. ముందే టిక్కు కూడా పెట్టి ఉంది. ఇదెందుకు?" అని అడిగింది. మామూలు ప్రశ్నే. నేను మాత్రం గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నవాడిలా, "ఏదో ఉంటుందిలే, ఉండనీ" అని బాల్కనీలోకి వెళ్ళిపోయాను. అదెందుకో నాకు తెలుసు. ఇరవయ్యేళ్ళ కిందట, ఆ టిక్కు ఇంకా పుట్టని రోజుల్లో, కంప్యూటరులో కొడితే దాని పని చేసే ఒక్క లైను నాకు దొరికింది. అది ఎవరికి కావాలో వాళ్ళకి చెప్పకుండా దాచాను. ఈ సంగతి రాద్దామని ఇంతకుముందు రెండు మూడుసార్లు కూర్చున్నాను. ప్రతిసారీ రెండో పేరాకల్లా నన్ను నేను మంచివాణ్ణి చేసుకోవడం మొదలుపెట్టి, అది గమనించి చించేశాను. ఈసారి జాగ్రత్తగా ఉంటాను.

అప్పుడు మాది పర్చూరు పక్క పల్లెటూరు. గుంటూరులో ఇంజనీరింగ్ పూర్తి చేసి ఇంటికొచ్చి ఏడాదిన్నర అయింది, ఉద్యోగం లేదు. మాఘమాసం వచ్చేసరికి మా వసారా నిండా మిరపకాయలు. అమ్మ పొద్దున్నే పనులు ముగించుకుని, ముక్కుకి కొంగు కట్టుకుని, గోనెపట్టా మీద కూర్చుని తాలు కాయలు ఏరేది. తెల్లబోయిన కాయ ఒక పక్కకి, ఎర్రకాయ ఒక పక్కకి. ఇంటికొచ్చిన చుట్టాల మాటల్లో సగం తుమ్ములే ఉండేవి. నేను అన్నానికి కూర్చుంటే, "నా చేతులు మండుతున్నాయిరా, పెరుగు నువ్వే వేసుకో" అనేది. నాన్న అరుగు మీద కూర్చునేవాడు. దారిన పోయేవాళ్ళు "అబ్బాయి ఏం చేస్తున్నాడు?" అని అడిగితే "కంప్యూటర్లు" అనేవాడు. ఆ ఒక్క మాట అనేసి, ఇంకో ప్రశ్న రాకముందే పత్తికి పట్టిన తెగులు సంగతి ఎత్తుకునేవాడు. నేను గదిలో ఉండి అన్నీ వినేవాణ్ణి. నా దగ్గర ఉన్న విద్యల్లా హాస్టల్లో నేర్చిన లినక్సు, ఒక పత్రికతో పాటు ఉచితంగా వచ్చిన రెండు సీడీలు. వాటిని చూపించి ఉద్యోగం అడిగితే గుంటూరులో ఒకాయన, "ఊరికే వచ్చేదాన్ని ఎవడు వాడతాడయ్యా?" అన్నాడు.

అటువంటప్పుడు చిలకలూరిపేటలో కోటేశ్వరరావు గారి ప్రెస్సు నుంచి కబురొచ్చింది. ఆయన నాన్నకి తెలిసినాయన. పత్తి జిన్నింగ్ మిల్లు గోడని ఆనుకుని ఉండేది ఆ ప్రెస్సు. పెళ్ళి కార్డులు, పురుగుమందుల కొట్ల కరపత్రాలు, దినాల కార్డులు అచ్చేసేవాళ్ళు. లోపలికి అడుగుపెడితే సిరా, కిరసనాయిలు కలిసిన వాసన. మిర్చి లారీ వెళ్ళినప్పుడు మాత్రం అది పోయి ఘాటు వచ్చేది. అక్కడ అక్షరాలు కూర్చే కంపోజిటర్ షేక్ మస్తాన్ గారు. యాభై దాటిన మనిషి, బక్కపలచన, చెవి మీద ఎప్పుడూ పెన్సిలు. పేట అంతా ఆయన్ని బాబాయ్ అనేది, నేనూ అలాగే అన్నాను. గళ్ళ పెట్టెలో నుంచి సీసం అక్షరాలు కుడిచేత్తో ఏరి, ఎడమచేతిలోని స్టిక్కు అనే చిన్న ఇనప తట్టలో పేర్చేవాడు. పెట్టె వంక చూసేవాడు కాదు. అక్షరం పెట్టిన ప్రతిసారీ ఎడమ బొటనవేలు వచ్చి దాన్ని అదిమి పట్టేది. అలా పట్టకపోతే లైను లైనంతా జారి కింద పడుతుంది. ముప్ఫయ్యేళ్ళు అలా అదిమి ఆ వేలు కొస చదునుగా అయిపోయింది. ఇంకో అలవాటు ఆయనది. కూర్చిన అక్షరాలు తలకిందులుగా ఉంటాయి కాబట్టి ఆయనకి తలకిందుల చదువు వచ్చేసింది. కోటేశ్వరరావు గారు కుర్చీలో పేపరు చదువుతుంటే, బల్లకి ఇవతల నిలబడి అదే పేపరు తనూ చదివేవాడు. యజమాని పేజీ తిప్పబోతే "ఒక్క నిమిషం అయ్యగారూ, నాది కాలేదు" అనేవాడు.

కోటేశ్వరరావు గారి బావమరిది హైదరాబాదు నుంచి వాడిన లాప్‌టాప్ ఒకటి తెచ్చిచ్చాడు. కరెంటు కోతల ఊళ్ళో బ్యాటరీతో నడిచేది వస్తే పండగే. సాఫ్టువేరు దొంగ కాపీలు వేస్తే కేసులవుతాయని ఎవరో ఆయన్ని బెదిరించారు, అందుకని నేను, నా సీడీలు అవసరమయ్యాం. మొదటిరోజే మా ఇద్దరినీ నిలబెట్టి సంగతి తేల్చేశాడాయన. "చూడు మస్తానూ. వచ్చే ఉగాదికల్లా సీసం తీసేస్తాను. ఈ కుర్రాడు నేర్పుతాడు, నువ్వు నేర్చుకో. నేర్చుకుంటే దీని ముందు కుర్చీ నీది. ఈ అబ్బాయి అప్పుడప్పుడూ వచ్చి బాగుచేసి పోతాడు. నీ వల్ల కాదనుకో, కుర్చీలో అబ్బాయే కూర్చుంటాడు. ఇద్దరికి పని లేదు మరి." బాబాయ్ తలూపాడు. ఆ నిమిషం నుంచి నన్ను "ఏమయ్యా" అనడం మానేసి, "మాస్టారూ, మీరు" అనడం మొదలుపెట్టాడు. మా నాన్న కన్నా నాలుగేళ్ళు పెద్దవాడు. వద్దన్నా వినలేదు. "నేర్పేవాళ్ళని నువ్వు అనకూడదండీ, చదువు రాదు" అన్నాడు.

ఆ లాప్‌టాప్ నన్ను ఏడిపించింది. లినక్సు ఎక్కింది గానీ తెర రాలేదు. నల్లటి తెర, మూల ఒక అడ్డగీత, అది మిణుకుమిణుకుమంటూ ఉండేది. తెర ఎంత వెడల్పు, ఏ చిప్పు, ఏ వేగం అన్నీ ఒక ఫైల్లో చేత్తో రాయాలి ఆ రోజుల్లో. రోజూ గడియార స్తంభం దగ్గర ఇంటర్నెట్ సెంటరుకి పోయి, ఎవరో అదే మోడలుకి రాసుకున్న ఫైలు చూసి నోటుబుక్కులో ఎక్కించుకుని, వచ్చి కొట్టేవాణ్ణి. మూడు రోజులైనా నల్ల తెరే. కోటేశ్వరరావు గారు వచ్చినప్పుడల్లా, "మిషన్ మంచిది కాదండీ, పాతది" అనేవాణ్ణి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. నాలుగో రోజు బాబాయ్ వచ్చి పక్కన కూర్చున్నాడు. "మాస్టారూ, ఆ నోటుబుక్కు ఇటివ్వండి. మీరు తెర మీద ఉన్నది మెల్లగా జరుపుతా ఉండండి. ప్రూఫు చూస్తాను" అన్నాడు. ఆయనకి ఇంగ్లీషు రాదు, ఇంగ్లీషు అక్షరాలు వచ్చు. అర్థంతో పనిలేకుండా వేలు పెట్టుకుని ఒక్కో అక్షరం చూసుకుంటూ పోయాడు. అర్ధగంటకి, "ఇదుగో, ఇక్కడ కామాలు తెరిచారు, మూయలేదు" అన్నాడు. నిజమే. చిప్పు పేరు చుట్టూ పెట్టాల్సిన జంట కామాల్లో రెండో జత నేను కొట్టలేదు. కొట్టి మళ్ళీ నడిపితే తెర నీలంగా విచ్చుకుంది, మధ్యలో బాణం గుర్తు నిలబడింది. బాబాయ్ చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. సాయంత్రం కోటేశ్వరరావు గారు వచ్చి "ఎట్టా వచ్చింది?" అని అడిగితే, "చిన్న తప్పుందండీ, పట్టుకున్నాను" అన్నాను. బాబాయ్ అక్కడే కాగితాలు కత్తిరిస్తూ ఉన్నాడు. విని నవ్వాడు. ఏరు దాటి తెప్ప తగలేయడం అంటే ఏమిటో నేను ఆరోజే నేర్చుకున్నాను.

నేర్పడం మొదలుపెట్టాను. నిజానికి నేర్పడానికి ఏమీ లేదు. కీబోర్డు బొమ్మని ఒక పాత పెళ్ళికార్డు వెనక గీసి ఇచ్చాను. దాన్ని ఇంటికి తీసుకెళ్ళి, నాలుగు రోజుల్లో గళ్ళ పెట్టె లాగే కంఠస్థం చేసుకొచ్చాడు. వొత్తులు, గుణింతాలు ఎక్కడున్నాయో నేను వెతుక్కునేవాణ్ణి, ఆయన వెతికేవాడు కాదు. కాకపోతే ఒక పీడ. ఆయన కొడుతుండగా పదం మధ్యలో కర్సరు ఎగిరి ఎక్కడికో పోయేది. సగం పేరు ఈ లైనులో, మిగతా సగం మూడు లైన్ల పైన పడేది. మొదట అందరం పత్తి అనుకున్నాం. జిన్నింగ్ మిల్లు నూగు గాల్లో ఎగిరొచ్చి మౌసు కింద బంతికి చుట్టుకునేది, వారానికోసారి విప్పి గిల్లి తీసేవాళ్ళం. విప్పాను, తుడిచాను, చివరికి ఆ మౌసు పీకేశాను. అయినా కర్సరు ఎగురుతూనే ఉంది. ఒకరోజు ఒక పెళ్ళికార్డు ప్రూఫు తీస్తే, వధువు పేరు ముందుండాల్సిన "చి.ల.సౌ." పోయి పెళ్ళికొడుకు పేరు ముందు కూర్చుంది. కోటేశ్వరరావు గారు అది చూసి ముందు పగలబడి నవ్వాడు. తర్వాత కోపం వచ్చింది. "ఇది పంచితే మగపెళ్ళివాళ్ళు మనల్ని పందిరి గుంజకి కట్టేస్తారయ్యా! ఏం మస్తానూ, ముప్ఫయ్యేళ్ళలో ఎప్పుడన్నా ఇట్టాంటిది చేశావా?" బాబాయ్ మొహం నల్లబడిపోయింది. "నేను సరిగానే కొట్టానండి. అదే పోయింది" అన్నాడు. నేను కూర్చుని అదే కార్డు కొట్టాను, ఒక్క అక్షరం కూడా జరగలేదు. కోటేశ్వరరావు గారు నన్ను బయటికి పిలిచి, "నువ్వు కొడితే బానే ఉందిగా. ఆయనకేంటి?" అన్నాడు. "చెయ్యి కుదరట్లేదండి. వయసు కదండీ" అన్నాను. అప్పటికి నాకు అసలు కారణం తెలియదు. తెలియదని చెప్పొచ్చు కదా. చెప్పలేదు. "అయితే ఈ శనివారం దాకా చూద్దాం. అప్పటికీ ఇంతే అయితే నువ్వే కూర్చో" అన్నాడాయన.

బస్సులో ఇంటికి పోతూ ఆ మాటనే చప్పరించాను. ఇంట్లో అమ్మకి చెప్పాను, "శనివారానికి తేలిపోతుందమ్మా" అని. అమ్మ ఆనందంతో చేతులు మర్చిపోయి నా చెంపలు నిమిరింది. మిరప చేతులు. మొహమంతా భగ్గుమని మండింది, ఇద్దరం నవ్వుకున్నాం. నాన్న అరుగు మీద ఎవరితోనో "మావాడికి పేటలో కుదిరేట్టుంది" అంటున్నాడు. ఆయన ఊరి పేరుతో సహా చెప్పడం అదే మొదటిసారి.

గురువారం ఇంటర్నెట్ సెంటరులో జవాబు దొరికింది. లినక్సు వాడేవాళ్ళు ఒకరికొకరు రాసుకునే ఉత్తరాల్లో ఎవరో దూరదేశపు ఆసామి అచ్చంగా ఇదే బాధ రాసుకున్నాడు. టైపు చేస్తుంటే బొటనవేలు కీబోర్డు కింద మౌసు బదులుండే టచ్‌ప్యాడుకి తగులుతుంది, మిషను దాన్ని నొక్కు అనుకుంటుంది, కర్సరు ఎగురుతుంది. బాబాయ్ చెయ్యి కళ్ళముందు కనబడింది. కుడిచేయి ఒక అక్షరం కొట్టగానే, ఆయన ఎడమ బొటనవేలు తనకి తెలియకుండానే కిందికి వాలి ఆ నున్నటి పలకని అదిమేది. లైను జారిపోకుండా పట్టుకునేది. అదే పనితనం, అదే తప్పు. కింద ఇంకెవరో జవాబు రాశారు. తొమ్మిది అక్షరాల పేరు, ఒక అడ్డగీత, చివర ఒక "డి". ఆ లైను నడిపితే, అక్షరాలు కొడుతున్నంతసేపూ టచ్‌ప్యాడు నిద్రపోతుంది. అంతే. పది నిమిషాల ముందు వరకూ నాకు తెలియని మనిషి, నాకు తెలియని ఇంకో మనిషికి, అడగగానే ఇచ్చేశాడు. నేను నోటుబుక్కులో ఎక్కించుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం బాబాయ్ నమాజుకి వెళ్ళాడు, కోటేశ్వరరావు గారు భోజనానికి వెళ్ళాడు. నేను కుర్చీలో కూర్చుని ఆ లైను కొట్టాను. ఎడమ బొటనవేలు పలక మీద అదిమిపెట్టి ఒక పేరా టైపు చేశాను. కర్సరు ఎటూ పోలేదు. రెండో పేరా కొట్టాను. పోలేదు. నాకు సంతోషం వేయాలి. వేయలేదు. బయట మిర్చి లారీ పోతోంది, తుమ్ములొస్తున్నాయి. అప్పుడు అమ్మ గుర్తొచ్చింది, నాన్న గుర్తొచ్చాడు అని రాస్తే బాగుంటుంది. కానీ నాకు గుర్తొచ్చింది ఆ కుర్చీయే. ఫ్యాను కింద ఉండేది, చేతులున్న కుర్చీ. దాంట్లో కూర్చుని ఉన్న నన్ను నేను చూసుకున్నాను, బాగానే ఉన్నాననిపించింది. లైను తీసేసి మిషను ఆపి మళ్ళీ పెట్టాను. బొటనవేలు పెట్టి చూశాను. కర్సరు ఎగిరింది. నోటుబుక్కులో ఆ కాగితం చింపి జేబులో పెట్టుకున్నాను. అంతలో బాబాయ్ తడిచేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "ఏమన్నా దొరికిందా మాస్టారూ?" అన్నాడు. గొంతులో ఆశ ఉంది. ఆయన నిన్న కూడా అలాగే అడిగాడు, మొన్న కూడా. "లేదు బాబాయ్" అన్నాను. "పర్లేదండీ. మీరు మాత్రం ఏం చేస్తారు, నా చేతిలోనే ఏదో ఉంది" అని నన్నే ఓదార్చాడు.

శనివారం అంతా అనుకున్నట్టే జరిగింది. కోటేశ్వరరావు గారు చెడ్డవాడు కాదు, బాబాయ్‌ని పొమ్మనలేదు. కాగితం కత్తిరించడానికి, కట్టలు కట్టడానికి ఉంచాడు. ముప్ఫయ్యేళ్ళు ఆయన కూర్చిన అక్షరాలు నమ్మి పేటలో పెళ్ళిళ్ళు జరిగాయి. ఆయన ఇప్పుడు నేను కొట్టిన కార్డులు యాభై యాభై లెక్కన దారంతో కట్టేవాడు. కట్టే ముందు ఒక కార్డు తీసి చూసి, నా అచ్చుతప్పులు మెల్లగా చెవిలో చెప్పేవాడు, యజమాని వినకుండా. ఉగాది ముందు సీసం కొనేవాడు వచ్చాడు. కరిగించడానికే తీసుకుపోతాడని అందరికీ తెలుసు. అయినా బాబాయ్ ముందు రోజంతా కూర్చుని, చెల్లాచెదురుగా ఉన్న అక్షరాలన్నీ ఏ గడిలోవి ఆ గడిలో వేశాడు. "ఎందుకు మస్తానూ, ఎట్టాగూ గోతంలో పోస్తాడుగా" అని కోటేశ్వరరావు గారు అంటే, "పోయనీయండి. నా పెట్టె కలగాపులగంగా ఉండగా పోకూడదు" అన్నాడు. మర్నాడు ఆ మనిషి పెట్టెలు బోర్లించి గోతాల్లో గుమ్మరించాడు. ఆ తర్వాత రెండు నెలలకి బాబాయ్ రావడం మానేశాడు. నేను ఎందుకని అడగలేదు. దొంగకి తేలు కుట్టినట్టు ఉండిపోయాను. ఆయన లేని ప్రెస్సు హాయిగా ఉందని కూడా అనిపించింది. ఇది రాయడానికి చెయ్యి రావట్లేదు, అయినా రాస్తున్నాను.

రెండేళ్ళు ఆ కుర్చీలో ఉండి, ఆ అనుభవం చూపించి మంగళగిరిలో ఒక ఆఫీసులో చేరాను. అక్కడి నుంచి పైకే వచ్చాను. తెలుగులో కంప్యూటరు గురించి వ్యాసాలు రాశాను, కాలేజీల్లో మాట్లాడాను. నా ఉపన్యాసంలో ఎప్పుడూ ఒక మాట ఉండేది. "ఈ సాఫ్టువేరు గొప్పదనం ఉచితం కావడంలో లేదు. తెలిసినవాడు తెలియనివాడికి దాచకుండా చెప్పడంలో ఉంది." పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్ళు. అప్పట్లో మూడు రోజులు పట్టిన పని ఇప్పుడు టీ తాగేలోగా అవుతోందంటే, అలా దాచకుండా చెప్పిన వేలమంది వల్లే. ఆ వేలమందిలో నేను లేను. నాకు తెలిసిన ఒకే ఒక్క మనిషికి అవసరమైన ఒకే ఒక్క లైను నా చొక్కా జేబులో ఉండిపోయింది. అమ్మ ఉతికినప్పుడు ముద్దయిపోయి ఉంటుంది.

బాల్కనీలో నిలబడ్డ మర్నాడే పేట వెళ్ళాను. ప్రెస్సు ఉన్నచోట సెల్‌ఫోన్ల కొట్టు ఉంది. అడిగితే బాబాయ్ ఇంటి దారి చెప్పారు. కూతురి టైలరింగు షాపులో గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చుని జాకెట్లకి హుక్కులు కుడుతున్నాడు. డెబ్భై దాటాయి. లావు కళ్ళద్దాలు. గుర్తుపట్టగానే లేవబోయాడు. "మాస్టారండీ! అమ్మా, కుర్చీ వెయ్యి. నాకు కంప్యూటరు చెప్పిన మాస్టారు ఈయనే" అని కూతురితో అన్నాడు. ఆమె తల వంచి నమస్కారం పెట్టి, "మీ గురించి ఎప్పుడూ చెబుతారండీ. చాలా ఓపిగ్గా చెప్పారంట. నాన్నకే రాలేదంట" అంది. "నాకే రాలేదు" అని ఆయనా అన్నాడు, అది ఎప్పుడో ఒప్పేసుకున్న సంగతిలాగా. ఇరవయ్యేళ్ళుగా ఆ ఇంట్లో ఆ మాట అలాగే చెప్పుకుంటున్నారు.

అక్కడే లేచి వచ్చేద్దామనుకున్నాను. కానీ ఆమె వేసిన కుర్చీలోనే ఉండిపోయాను. ఆమె టీ తేవడానికి లోపలికి వెళ్ళినప్పుడు చెప్పాను. మీ చేతిలో ఏమీ లేదని, బొటనవేలు పలకకి తగులుతుందని, శుక్రవారం మీరు నమాజు నుంచి వచ్చేసరికే నాకు మందు దొరికిందని, వేసి చూసి తీసేశానని, మీరడిగితే లేదన్నానని. మధ్యలో ఆగకుండా చెప్పేశాను, ఆగితే మళ్ళీ ఏదో కలుపుతానని భయం. ఆయన సూది పట్టుకున్న చెయ్యి ఆపి వింటూ ఉన్నాడు. కోపం వస్తుందేమోనని చూశాను, రాలేదు. తిడితే బాగుండేది. సూదిని జాకెట్టుకి గుచ్చిపెట్టి, "ఏంటది? ఎంతుంటది?" అన్నాడు.

"ఒక్క లైను బాబాయ్. పది అక్షరాలు, మధ్యలో ఒక గీత."

ఆయన పెదవులు కదిలాయి, లెక్కపెట్టుకుంటున్నట్టు.

"ఒక్క లైనేగా. నా చేతికిస్తే నేనే కూర్చుకునేవాణ్ణి గదయ్యా" అన్నాడు.